ఫ్లవర్‌వాజుతో మాట్లాడే హీరోయిన్

శుక్రవారం, ఫింటాస్, కువైట్

ఈ ఇంట్లో పనికి చేరిన ఆరేళ్లలో మొదటిసారి సోఫాలో కూర్చున్నాను, మామా పక్కనే. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తాం.

సాయంత్రం మామా తనకిష్టమైన పాత హాలీవుడ్ ప్రేమ సినిమా పెట్టుకుంది. సినిమాలకు మాటలొచ్చిన కొత్తలో తీసిందట. ఎప్పటిలాగే టీ ట్రేతో తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ హీరోయిన్‌కి కోపమొచ్చినా ఏడుపొచ్చినా, హీరో ఎదురుగానే ఉన్నా, ముందు బల్ల మీది ఫ్లవర్‌వాజు దగ్గరికి నడుస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. రోజూ వాజులు తుడిచేదాన్ని, నా చూపు అక్కడికే పోతుంది. ఉండబట్టలేక నాకొచ్చిన అరబ్బీలో అడిగేశాను.

"మామా, ఈయమ్మి ఆయప్పతో మాట్లాడకుండా వాజుతో ఎందుకు మాట్లాడతాండాది?"

మామా నవ్వింది. సినిమాల చదువు చదివిన ఆమె కొడుకు మాత్రం నవ్వలేదు.

"అప్పట్లో మైకు అందులో దాచేవాళ్లు. ఇన్నిసార్లు చూశాం, మనకెవరికీ తట్టలేదు," అన్నాడు.

మామా సోఫా తట్టింది. "యల్లా, రా, కూర్చో. మొదటినుంచి పెడదాం."

రేపు మళ్లీ తలుపు దగ్గరేనేమో. ఏమో.

ఆరేళ్లుగా తుడుస్తూ తుడుస్తూ నేను మాట్లాడిందీ వాజులతోనే. ఇవాళ నా మాట వినబడింది.