గాలి వల్లే ఆపాను

నవంబర్ 3, సోమవారం

నా నమాజు చెల్లదని మామయ్య తేల్చేశాడు. భోజనం ముందు కూర్చుని, ఇంకా చెయ్యి కూడా కడుక్కోకముందే.

టవర్ క్రేన్ కేబిన్‌లో కూర్చుని చదివేది ఏం నమాజు అన్నాడు. ఒంట్లో బాగున్నవాళ్ళు నిలబడాలి, వంగాలి, నేలకు నుదురు ఆనించాలి అన్నాడు. నేను కాదన్నానా? జొహర్ మధ్యాహ్నం బ్రేక్‌లో కిందే చదువుతాను. స్టోర్ రూమ్ వెనక అట్టపెట్టె విప్పి పరుచుకుని, అన్నీ సవ్యంగా. సాయంత్రం అసర్ నమాజు వేళకు మాత్రం పైన ఉంటాను. కిందవాళ్ళు టీ తాగే ఆ కాసేపట్లో నిచ్చెన దిగి మళ్ళీ ఎక్కడం అయ్యే పని కాదు. కేబిన్‌లో ఉండేది ఒక కుర్చీ, రెండు లివర్లు, నేను. కాళ్ళు చాపితే అద్దం తగులుతుంది. మీరొకసారి పైకి వచ్చి అక్కడ ఎలా వంగాలో చూపించండి మామయ్యా, అలాగే చదువుతాను అన్నాను. మామయ్యకు మా ఇంటి మెట్లెక్కితేనే ఆయాసం.

మరి కిబ్లా మాటేమిటి, మక్కా వైపు ఎలా తిరుగుతావని పట్టుకున్నాడు. ఆ విషయంలో నా అంత సుఖం ఎవరికీ లేదన్నాను. లివర్ కొంచెం పక్కకు నొక్కితే కేబిన్, దాంతోపాటు క్రేన్ పొడుగాటి చెయ్యి, అంతా కలిసి కిబ్లా వైపు తిరుగుతాయి. ఊళ్ళో అంత పొడుగు నమాజు ఇంకెవరు చదువుతారు? అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామయ్య నవ్వలేదు. ఆడపిల్ల ప్యాంటు తొడుక్కుని, నెత్తిన స్కార్ఫు, దాని మీద హెల్మెట్ పెట్టుకుని, మగవాళ్ళ తలల మీదుగా నిచ్చెన ఎక్కడమేమిటన్నది ఆయన అసలు బాధ. మసీదు కమిటీలో అడుగుతున్నారట.

అడగనీ.

నవంబర్ 5, బుధవారం

ఇంట్లో మామయ్య, సైట్లో ఇంకొకాయన. మా సైట్ మేనేజర్‌కి మేము పెట్టుకున్న పేరు అర్జెంటు. ఆ మాట లేకుండా ఆయన నోట వాక్యం పూర్తికాదు.

సాయంత్రం టీ టైములో క్రేన్ రోజూ ఒకే వైపు ఎందుకు తిరిగి నిలబడుతోందని కింద సిగ్నల్‌మేన్‌ని అడిగాడట. సిగ్నల్‌మేన్‌ని నేను బాబాయ్ అంటాను. వాకీటాకీ పట్టుకుని లోడ్ కిందా పక్కా తిరుగుతూ ఎంత ఎత్తాలో, ఎక్కడ దించాలో చెప్పేది ఆయనే. ఈ సైట్లో నా కళ్ళు ఆయన దగ్గరుంటాయి. ఆ పిల్ల కాసేపు దేవుడితో మాట్లాడుకుంటుంది సార్, మీ టీ చల్లారేలోపు అయిపోతుంది అన్నాడట.

దేవుణ్ణి గేటు దగ్గర లాకర్లో పెట్టి రమ్మను అన్నాడు అర్జెంటు. వాకీటాకీ ఆన్‌లోనే ఉంది. నేను విన్నాను. లాకర్లో నా చెప్పులకే చోటు చాలటం లేదు సార్ అన్నాను. కింద ఎవరో కిసుక్కున నవ్వారు. మంచిది కాదేమో అనుకున్నాను తర్వాత. పోనీ.

నవంబర్ 11, మంగళవారం. సాయంత్రం 7

గాలి హోరు ఇంకా చెవుల్లోనే ఉంది. రాస్తే తగ్గుతుందని రాస్తున్నాను.

షట్టరింగ్ ప్యానెల్ ఎత్తుతున్నాం. గోడ పోయడానికి నిలబెట్టే పెద్ద పలక అది, ఇంటి ముందు గోడంత ఉంటుంది. బరువు పెద్ద లెక్క కాదు, గాలికి అది తెరచాప. సగం ఎత్తుకు వెళ్ళేసరికి మబ్బు పట్టింది. గాలి మీటర్ ముల్లు ఎర్ర గీత దాటింది, బజర్ మోగింది. ప్యానెల్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. దాని కింద తాడు పట్టుకుని బాబాయ్. అమ్మాయ్, మెల్లగా, మెల్లగా అంటున్నాడు, గొంతు మారిపోయింది. ఎలా దించానో నాకే తెలియదు. ఊపిరి బిగపట్టి దించాను. మట్టిలో ఆనిన తర్వాత గానీ శ్వాస తీసుకోలేదు.

అప్పుడు అర్జెంటు బాబాయ్ చేతిలోంచి రేడియో లాక్కున్నాడు. మళ్ళీ ఎత్తమన్నాడు. కాంక్రీటు లారీలు గేటు దగ్గరున్నాయి, అర్జెంటు అన్నాడు. గాలి ఎక్కువగా ఉంది సార్, ఎత్తను అన్నాను. గాలీ లేదు గీలీ లేదు ఎత్తమన్నాడు. ఎత్తను అన్నాను. అలా ఎన్నిసార్లో.

అంత గాలిలో క్రేన్ చేతిని బిగించి ఉంచకూడదు. బ్రేకు వదిలేసి, గాలి ఎటు తోస్తే అటు తిరగనివ్వాలి. లేకపోతే క్రేనే పడిపోతుంది. వదిలేశాను. గాలి దాన్ని తోసుకుంటూ వెళ్ళి సరిగ్గా కిబ్లా వైపు నిలబెట్టింది.

కింద సైటంతా తలెత్తి చూసింది. అదుగో, నమాజు మొదలెట్టింది అన్నాడు అర్జెంటు.

నేను నమాజు చదవలేదు. ఊగుతున్న నిచ్చెనను కావలించుకుని దిగుతున్నాను. కాలు నేల మీద పెట్టేసరికి పొద్దు గుంకింది. అసర్ పోయింది. ఇంటికొచ్చి, తప్పిన నమాజుకు బదులుగా ఖజా చదువుకున్నాను. వేళకు చదవనందుకు బాధగా ఉంది. ప్యానెల్ దించినందుకు లేదు. బాబాయ్ ఈపాటికి ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటాడు.

నవంబర్ 12, బుధవారం

సస్పెండ్ చేశారు. పని వేళలో ప్రార్థన కోసం క్రేన్ ఆపేసిందట.

నవంబర్ 14, శుక్రవారం

ఎంక్వైరీ. హెడ్ ఆఫీసు నుంచి సేఫ్టీ మేడమ్ వచ్చింది. గాలి మీటర్ రికార్డు ఉందా అని అడిగింది. మా మీటర్ చూపిస్తుందే గానీ గుర్తుపెట్టుకోదు. అర్జెంటు మాత్రం అన్నీ గుర్తుపెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం అలవాటే మేడమ్, ఆ రోజు కూడా అంతే, కావాలంటే సైటంతా చూసింది, క్రేన్ అటే తిరిగి ఉంది అన్నాడు. ఆ గాలిలో ఎత్తమన్నాడని తేలితే పోయేది ఆయన ఉద్యోగం. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

బాబాయ్‌ని పిలిచారు. ఆయన నోరు తెరవకముందే నాకు అర్థమైంది, కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను లోడ్ చూస్తున్నాను మేడమ్, గాలి సంగతి గమనించలేదు అన్నాడు. నా వైపు చూడలేదు. ఆయన బూటుకు ఆ రోజటి మట్టి ఇంకా అంటుకునే ఉంది.

చివర్లో ఒక కాగితం నా ముందుకు తోశారు. ప్రార్థన కోసం పని ఆపాను, క్షమించండి, మళ్ళీ జరగదు అని ఉంది అందులో. సంతకం పెడితే సోమవారం నుంచి వచ్చేయొచ్చట. ఎంత దయగా చెప్పారో. మీ మనోభావాలు మాకు అర్థమవుతాయి అన్నారు.

ఆ రోజు నేను నమాజు చదవలేదండీ అన్నాను. చదవని నమాజుకు క్షమాపణ ఎలా చెప్పను? గాలి వల్లే ఆపాను అన్నాను.

పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను.

నవంబర్ 15, శనివారం

సంతకం పెట్టేస్తే ఏం పోయేది అని రోజంతా నన్ను నేనే అడిగాను. జవాబు ఇక్కడ రాయను.

నవంబర్ 18, మంగళవారం

మామయ్యది కళ్ళద్దాల షాపు. ఇవాళ పిలిపించాడు. వెళితే షాపులో కళ్ళద్దాలకంటే కమిటీ వాళ్ళు ఎక్కువగా ఉన్నారు. బల్ల మీద బ్యానరు పరిచి ఉంది. నమాజు చదివినందుకు ఆడబిడ్డ ఉద్యోగం తీసేశారు, న్యాయం కావాలి. శుక్రవారం జుమా నమాజు అయ్యాక అందరూ కలిసి సైట్ గేటు ముందు కూర్చుంటారట. నన్ను ముందు వరసలో నిలబెడతారట. నువ్వు మా అందరికీ గర్వకారణం తల్లీ అన్నాడు మామయ్య. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

మొన్నటిదాకా చెల్లని నమాజు, ఇవాళ బ్యానరెక్కింది.

ఆ రోజు నేను చదవలేదు మామయ్యా అన్నాను. గాలి వల్ల ఆపాను, అసర్ తప్పిపోయింది, తర్వాత ఖజా చదివాను అన్నాను. క్రేన్ తనంతట తాను కిబ్లా వైపు తిరిగిందంటే అది అల్లాహ్ చూపించిన గుర్తు కాదా అన్నాడు ఒక పెద్దాయన. గాలి అల్లాహ్‌దే, బ్రేకు వదిలింది నేను, మధ్యలో అబద్ధం కలిపేది మీరు అన్నాను.

చిన్న మాటకు ఇంత పట్టింపు ఎందుకు, వాళ్ళు నిన్ను తీసింది నీ మతం చూసే కదా అన్నాడు మామయ్య. అది నిజమే. అర్జెంటుకు నా స్కార్ఫు కనబడకపోతే గాలి కనబడి ఉండేది. ఆ సంగతి బ్యానరు మీద రాయండి, నేనే పట్టుకుంటాను, ముందు వరసలోనే నిలబడతాను అన్నాను. చదవని నమాజు చదివానని మాత్రం రాయకండి. అబద్ధం చెప్పడానికి నాకు ఇంకేమీ దొరకలేదా, నమాజు మీదే చెప్పాలా?

అంత పొడుగు వాక్యం బ్యానరుకు పట్టదన్నాడు కుర్రకారులో ఒకడు. నిజంగానే అన్నాడు.

వచ్చేస్తుంటే మామయ్య తల తిప్పుకుని ఎవరిదో కళ్ళజోడు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

నవంబర్ 20, గురువారం

ఇల్లంతా ముభావం. కాగితం మీద సంతకం పెట్టెయ్, నీ మనసు అల్లాహ్‌కు తెలుసు అని అమ్మ మూడు రోజులుగా అంటూనే ఉంది. నేను పైనుంటే ఆమెకు ఇంట్లో ఏ పనీ సాగదు. అయినా ఆ ఉద్యోగం పోతే ఎక్కువ ఏడ్చేది ఆమే. ఇవాళ విసుక్కున్నాను. ఎందుకమ్మా నువ్వు కూడా, అన్నాను. అమ్మ బట్టలు మడతపెడుతూ, ఆ రోజు నిజంగా అంత గాలుందా అని అడిగింది. ప్యానెల్ తిరిగిన తీరు, బాబాయ్ గొంతు, నిచ్చెన ఊగడం, అన్నీ చెప్పాను. అంతవరకూ ఆమెకు ఇవేవీ చెప్పలేదని అప్పుడు తట్టింది. నేను గొడవ గురించి చెప్పాను గానీ గాలి గురించి చెప్పలేదు.

నవంబర్ 21, శుక్రవారం. రాత్రి

గేటు ముందు ఎవరూ కూర్చోలేదు. బాబాయ్ కొడుకు మెసేజ్ పెడితే తెలిసింది.

ఎందుకో సాయంత్రానికి బయటపడింది. పొద్దున్నే అమ్మ మామయ్య షాపుకు వెళ్ళిందట. అన్నయ్య ముందు ఎప్పుడూ కూర్చుని ఎరగని మనిషి, కస్టమర్ల కుర్చీలో కూర్చుందట. నా కూతురు గాలి ఉందంటే గాలి ఉంది, నమాజు చదవలేదంటే చదవలేదు, దాని మాట కాదని దాని పేరు మీద కూర్చుంటే ముందు నన్ను దాటాలి అందట. మామయ్యే ఫోన్ చేసి చెప్పాడు. మీ అమ్మ ఇలా మాట్లాడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు అన్నాడు. కోపంగా అన్నాడో, ఇంకెలా అన్నాడో తెలియలేదు.

అమ్మను అడిగితే, కళ్ళద్దాల నంబరు చూపించుకోడానికి వెళ్ళాను అంది.

నవంబర్ 27, గురువారం

బాబాయ్ ఫోన్. ఎంక్వైరీ తర్వాత ఇదే మొదలు. అమ్మాయ్, ఒక మాట చెప్పాలి అన్నాడు.

నా బదులు వచ్చిన క్రేన్ ఆపరేటర్ ఇవాళ పని ఆపాడట. మధ్యాహ్నం గాలి లేచింది, లోడ్ కిందపెట్టేశాడు, క్రేన్ చేతిని గాలికి వదిలి కిందికి దిగి బీడీ ముట్టించాడు. అర్జెంటు వచ్చాడు. ఏమైంది అన్నాడు. గాలి ఎక్కువైంది అన్నాడు ఆయన. అర్జెంటు ఆకాశం వంక చూసి, సరే, తగ్గాక చూద్దాం అన్నాడట.

సరే, తగ్గాక చూద్దాం.

నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను.

ఇది నువ్వు ఆ ఎంక్వైరీ గదిలో చెబుతావా బాబాయ్ అన్నాను. అమ్మాయ్, నా ఉద్యోగం, అన్నాడు. సరేలే అన్నాను. ఫోన్ పెట్టాక కోపం వచ్చింది. తర్వాత అదీ పోయింది. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.

డిసెంబర్ 1, సోమవారం

పిలవకుండానే వెళ్ళాను. సేఫ్టీ మేడమ్ సైటుకు వచ్చే రోజని తెలుసు. ఆఫీసు కంటైనర్ బయట నిలబడ్డాను. అర్జెంటు చూసి, నువ్వు లోపలికి రాకూడదు అన్నాడు. రావటం లేదండీ, తలుపు బయటే ఉన్నాను, వినబడుతుంది అన్నాను.

మేడమ్, గురువారం ఈ క్రేన్ ఎందుకు ఆగిందో ఒకసారి నా బదులు వచ్చినాయన్ని అడగండి అన్నాను. కొత్త ఆపరేటర్‌ని పిలిచారు. గాలి ఎక్కువైంది, ఆపాను, ఎవరైనా ఆపుతారు అన్నాడు ఆయన. అప్పుడు నేను అడిగాను. మీరు ఏ నమాజులో ఉన్నారండీ అని.

ఆయన బిత్తరపోయాడు. నేను ఏ దేవుణ్ణీ నమ్మనమ్మా, నాకు గాలంటే భయం, అంతే అన్నాడు.

నాక్కూడా గాలంటే భయమే మేడమ్ అన్నాను.

ఆమె అర్జెంటు వైపు తిరిగింది. ఆయన ఏదో అర్జెంటు పనుందన్నాడు. ఆమె కూర్చోమంది. అప్పుడు ఎవరూ పిలవకుండా బాబాయ్ తలుపు దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు. ఆ రోజు నేను ప్యానెల్ కింద ఉన్నానండీ అన్నాడు. చాలు.

వెళ్ళబోతుంటే మేడమ్ ఆపింది. తిరిగి వస్తే ఆ సాయంత్రం ప్రార్థన మానేస్తారా అని అడిగింది. మంచిగానే అడిగింది. మానను అన్నాను. టీ తాగేవాళ్ళు టీ తాగుతారు, నేను నమాజు చదువుతాను, బ్రేక్ అయ్యాక అందరం పనిలోకి వస్తాం అన్నాను. లోడ్ గాల్లో ఉండగా చదవను, అది మా మతంలోనూ లేదు అన్నాను. ఆమె రాసుకుంది. ఏం రాసుకుందో తొంగి చూడలేదు.

డిసెంబర్ 4, గురువారం

మళ్ళీ ఎక్కాను. అర్జెంటును ఇంకో సైటుకు మార్చారు. పాపం ఆ సైటు.

మామయ్య సాయంత్రం వచ్చాడు. కేబిన్‌లో నమాజు గురించి ఎవరో పెద్ద ఆలిమ్‌ని, మతం చదువుకున్నాయన్ని, అడిగాడట. వీలు లేనిచోట కూర్చుని చదవొచ్చన్నారు అని చెప్పాడు, తానే ఆ వీలు కల్పించినట్టు. ప్యాంటు సంగతి ఆయన అడగలేదు, నేను ఒప్పుకోనూ లేదు. అది ఇంకా నడుస్తుంది.

డిసెంబర్ 19, శుక్రవారం

పొగమంచు. పైకి ఎక్కాక కింద ఏమీ మిగల్లేదు. సైటు లేదు, రోడ్డు లేదు, మసీదు మినార్ లేదు. ఎండ నా ఒక్కదాని మీద పడుతోంది.

రేడియోలో బాబాయ్, అమ్మాయ్, ఏమీ కనబడటం లేదు, ఉన్నావా అన్నాడు.

ఉన్నాను అన్నాను.