నలభై మూడో క్లాజూ, మా గడ్డి మామయ్యా

ఆటగాళ్ళ కాంట్రాక్టుల నమోదు అధికారి గారి సముఖమునకు, ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసులో కాంట్రాక్టులు టైపు చేయు గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

విషయం: మా క్లబ్బు ముఖ్య ఆటగాడి కొత్త కాంట్రాక్టులోని నలభై మూడో క్లాజును కొట్టివేయవద్దని వేడుకొనుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ చదవడానికి తమకు పట్టబోయే కాలానికీ, ఈలోగా చల్లారిపోబోయే తమ టీకీ, నా దస్తూరికీ, నా వయసుకీ, నా వయసువాళ్ళందరి తరఫునా ముందుగా సాష్టాంగపడి క్షమాపణ వేడుకొంటున్నాను. సొంత అర్జీకి ఆఫీసు కంప్యూటరు వాడటం న్యాయం కాదని చేత్తో వ్రాస్తున్నాను. పెద్దల వ్యవహారాల్లో తలదూర్చడం నా స్వభావం కాదు. డిగ్రీ చదివినప్పటికీ నేను అణకువ గలవాణ్ణి. మా అత్తయ్యను అడిగినా ఆ మాటే చెబుతుంది, కాకపోతే ముందు ఓ అరగంట నవ్వుతుంది.

సదరు క్లాజు టైపు పొరపాటని క్లబ్బు కార్యదర్శి గారు తమకు వ్రాశారనీ, కాదు తానే అడిగి పెట్టించుకున్నానని ఆటగాడు వ్రాశాడనీ, కావున టైపు చేసిన గుమాస్తా శుక్రవారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెననీ, లేనిచో క్లాజు కొట్టివేయబడుననీ తమ తాఖీదులో ఉన్నది. కొట్టివేస్తే ఆటగాడికి వచ్చిన నష్టం ఏమీ లేదు. మా మామయ్య ఉద్యోగం మాత్రం పోతుంది. అందుచేత ఈ దిగువ సంగతులు వరుసగా మనవి చేసుకొంటున్నాను.

1. మా మామయ్య అనగా మా అమ్మ తమ్ముడు. క్లబ్బు మైదానంలో గడ్డి పెంచును, కోయును, నీళ్ళు పెట్టును, ఆట రోజున సున్నపు గీతలు గీయును. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఆటగాళ్ళు మొదలుకొని గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాళ్ళ దాకా అందరికీ ఆయన గడ్డి మామయ్యే. మనుషులతో మాట తక్కువ, గడ్డితో ఎక్కువ. ఆయన కాంట్రాక్టు అరపేజీ. అందులోనూ సగం క్లబ్బు చిరునామా.

2. ముఖ్య ఆటగాడిని జనం ఎడంకాలు అని పిలుస్తారు. గోల్సన్నీ ఆ కాలితోనే కొట్టడం వల్ల కుడికాలికి ఎక్కడా పేరు రాలేదు. మూడేళ్ళ కిందట నేను చేరినప్పుడు ఆయన కాంట్రాక్టు పదకొండు పేజీలు. పోయినేడు ముప్పై ఎనిమిది. ఈ ఏడు అరవై నాలుగు. జీతమూ అదే మెట్లెక్కింది. సున్నాలు కొట్టీ కొట్టీ నా కుడిచేతి చిటికెన వేలు వాచింది. సంతకం పెట్టినందుకు ఒక మొత్తం, మైదానంలోకి దిగినందుకు ఒకటి, గోలు కొట్టినందుకు ఒకటి, తాను కొట్టక పక్కవాడి చేత కొట్టించినందుకు ఒకటి, చొక్కాల మీద ఆయన మొహం అచ్చు వేసుకున్నందుకు ఒకటి. ఇంకో క్లబ్బు ఎత్తుకుపోవాలంటే ఎంత కక్కాలో దానికి వేరే అంకె. వీటన్నిటి తరువాత 'విశ్వాసపు బహుమానం' అని ఇంకొకటి. ఏడు నెలలపాటు వేరే క్లబ్బుకు పోకుండా ఉన్నందుకు.

ఆయన మీద నాకు అసూయ లేదని ఇందుమూలముగా ప్రకటిస్తున్నాను. ఆ కాలు ఆడేది మహా అయితే పదేళ్ళు, ఆ పదేళ్ళలోనే మిగతా జన్మకంతా సంపాదించుకోవాలి. ఆయన గోలు కొడితే కుర్చీ ఎక్కి గెంతేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే, కుర్చీ కూడా క్లబ్బుదే. కాని ఏడు నెలల విశ్వాసానికి సున్నాలు కొడుతున్న సమయంలో కిటికీ అవతల ఇరవై ఆరేళ్ళ విశ్వాసం నీళ్ళ పైపు ఈడ్చుకుంటూ పోతుంటే చూపు అటు పోతుంది గదా అయ్యా. గుమాస్తాకూ కళ్ళు ఇచ్చాడు దేవుడు.

3. పెరిగిన జీతం ఎక్కడినుంచి తేవడమా అని కార్యదర్శి గారు మూడు రోజులు ఆలోచించి, మైదానమంతా ప్లాస్టిక్ గడ్డి పరిచేయాలని తేల్చారు. దానికి నీళ్ళక్కర్లేదు, కోత అక్కర్లేదు, మామయ్య అక్కర్లేదు. 'సేవలు చాలించుకొనుట' అని ఒక కాగితం చిత్తుప్రతి నా బల్ల మీద పెట్టి, "నువ్వే టైపు చెయ్యి, విషయం బయటివాళ్ళకి పొక్కకూడదు" అన్నారు. నేను మామయ్య ఇంటివాణ్ణేనని ఆయనకు జ్ఞాపకం లేదు. ఆఫీసులో నన్ను చూసి ఎవరికీ ఏదీ జ్ఞాపకం రాదు. ఇది నా ఉద్యోగ అర్హతల్లో ఒకటి.

4. తరువాత జరిగినది తమకు తెలిసినదే. ఎడంకాలు గారూ కార్యదర్శి గారూ అరవై నాలుగు పేజీల మీదా చెరొక సంతకం, కెమెరాల వంక నవ్వుతూ చేశారు. కాంట్రాక్టు తమ ఆఫీసుకు వచ్చింది. ఆటల చరిత్రలో కనీవినీ ఎరుగని విధంగా తమరు దాన్ని చదివారు. నలభై మూడో క్లాజు ఇది: "క్లబ్బు మైదానమున నేలలో మొలచిన గడ్డియే ఉండవలెను. దానిని ఇప్పుడు చూచుకొనుచున్న మనిషియే, తనంతట తాను చాలుననువరకు చూచుకొనవలెను. భంగము కలిగినచో ఆటగాడు ఎట్టి రుసుమూ లేకుండ తనకు నచ్చిన క్లబ్బుకు పోవచ్చును."

అనగా మామయ్యను ఇంటికి పంపితే, ఎడంకాలు కూడా చిల్లిగవ్వ రాల్చకుండా గోడ దాటవచ్చు.

5. తమ తాఖీదు అందిన మర్నాటి నుంచి క్లబ్బు భవిష్యత్తంతా మా మామయ్య మోకాళ్ళ మీద నిలబడింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నారు పెద్దలు. ఇప్పుడు ఆయన తప్పుకుంటే క్లబ్బే బలవంతాన 'చాలు' అనిపించిందని ఎడంకాలు గోడ దాటతాడన్న భయంతో, తమరు ఏదో ఒకటి తేల్చేదాకా ఆయన పొరపాటున కూడా ఆ మాట అనకూడదని కార్యదర్శి గారు కాళ్ళు పట్టుకున్నారు. ఆటగాళ్ళ కాళ్ళు పట్టే మనిషి రోజూ వచ్చి మామయ్య మోకాళ్ళకు తైలం రాస్తున్నాడు. మైదానం అంచున గొడుగు, గొడుగు కింద మెత్తని కుర్చీ. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి రక్తం తీసుకుపోతున్నాడు. రోలరు లాగడానికి ఇద్దరు మనుషుల్ని ఇచ్చారు గాని, గడ్డికి కొత్త చేతులు పడవని మామయ్య వాళ్ళిద్దర్నీ గొడుగు కింద కూర్చోబెట్టి తానే లాగుతున్నాడు.

ఇంతటి మర్యాదకు కారణం ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనే ఒకటి కనిపెట్టుకున్నాడు. పోయిన ఆదివారం నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. అత్తయ్య పొయ్యి దగ్గరే ఉంది.

"నిజం చెప్పరా, నాకింకా ఎన్నాళ్ళుంది?"

"దేనికి మామయ్యా?"

"దాచకు. ఇరవై ఆరేళ్ళలో నా బూట్ల వంక చూడని కార్యదర్శి నిన్న వాటిని తుడిపించాడు. పోయేవాడికి తప్ప ఇంత మర్యాద ఎవడు చేస్తాడు?"

"డాక్టరు నీ గుండె కుర్రాడి గుండెలా ఉందన్నాడుగా."

"అదే చెప్తున్నా. డాక్టరు కూడా అబద్ధం ఆడుతున్నాడంటే చివరికొచ్చిందన్నమాట."

అత్తయ్య వెనక్కి తిరగకుండానే, "పోయేవాడివి ఆ కుళాయి కారడం ఆపి పో" అంది. కాని ఆ రాత్రి ఆవిడ అన్నం కలుపుకొని తినకుండా లేచింది. ప్రస్తుతం మామయ్య ఒక పాత నోటుపుస్తకంలో, తన తరువాత ఏ మూలకు ఎన్ని నీళ్ళు పెట్టాలో రాసిపెడుతున్నాడు. ఉత్తరపు గోలు ముందరి గడ్డికి మూడు పేజీలు కేటాయించాడు. నాకు రెండు వాక్యాలు. అందులో ఒకటి జుట్టు కత్తిరించుకోమని.

నిజం చెప్పి ఆ మనిషి ప్రాణం కుదుటపరచవచ్చు గదా అని తమరు అడుగవచ్చును. ఎవడో రాసిన షరతు మూలంగా తన ఉద్యోగం నిలిచిందని తెలిస్తే ఆయన ఆ క్షణమే పైపు చుట్టి కార్యదర్శి బల్ల మీద పెట్టి వస్తాడు. ఒకరి దయ మీద గడ్డి కోసే రకం కాదు. నిజం చెబితే ఉద్యోగం పోవును, చెప్పకపోతే ఆయన బతికుండగానే పోవును. రెంటి మధ్య నేను నలుగుతున్నాను. తమరు క్లాజు మీద ముద్ర వేస్తే కార్యదర్శి గారికి వేరే దారి ఉండదు, ప్లాస్టిక్ గడ్డి మాట మరిచిపోతారు. మర్యాదలు నాలుగు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి, మామయ్యకు జబ్బు నయమవుతుంది.

6. క్లాజు బయటపడ్డ నాడే కార్యదర్శి గారు ఎడంకాలును పిలిపించి పేజీ ముందు పెట్టారు. ఫైలు పట్టుకొని నేను పక్కనే ఉన్నాను. ఎడంకాలు గారు పెదవులు కదుపుతూ చదివారు. మొదటిసారి చదువుతున్నవాళ్ళు అలాగే చదువుతారు, ఇది నా సొంత అభిప్రాయం. చదివి కిటికీలోంచి చూశారు. కింద మామయ్య ఉత్తరపు గోలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని, ఎవరి బూటో పెకలించిన గడ్డిపెళ్ళను యథాస్థానంలో పెట్టి, పసిపిల్లను నిద్రపుచ్చినట్టు అరచేత్తో తడుతున్నాడు.

"అవును, నేనే అడిగాను" అన్నారు ఎడంకాలు గారు. "రెండేళ్ళ కిందట నా చీలమండ విరిగింది ఎవరి మైదానంలో? ప్లాస్టిక్ పరిచినవాళ్ళ మైదానంలో. ఇక్కడ ఎన్నిసార్లు పడ్డానో నాకే గుర్తులేదు, ఒక్కసారీ దెబ్బ తగల్లేదు."

వెంట వచ్చిన ఆయన ఏజెంటు మొహంలో మొదట నెత్తురుచుక్క లేదు. అరనిమిషంలో తేరుకొని, ఇది మొదటినుంచీ తమ షరతేననీ, దీనికోసం తాను ఎంతో పోరాడాననీ, ఈ శ్రమకు తన వాటా వేరే చూడాలనీ అన్నాడు. ఎడంకాలు గారు అప్పుడే తమకు కాగితం రాసిచ్చి, వెళుతూ వెళుతూ నా భుజం తట్టారు. ఎందుకో నాకు బోధపడలేదు.

7. ఇక న్యాయం. రెండేళ్ళ కిందట మా కుర్ర గోలుకీపరు, మోటారు సైకిలు నడపరాదన్న క్లాజు తాను చదవలేదని తమ వద్ద మొరపెట్టుకున్నాడు. అప్పుడు తమరు ఇచ్చిన తీర్పు నా బల్ల అద్దం కింద ఇప్పటికీ ఉంది: "సంతకము చేసినవాడు చదివినట్లే భావించవలెను. క్లాజు ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి అనునది అప్రస్తుతము." ఆ కుర్రాడు బండి అమ్ముకున్నాడు. కుర్రాడికి ఒక న్యాయం, కార్యదర్శికి ఇంకొక న్యాయం ఉండదని నా నమ్మకం. కార్యదర్శి గారు అరవై నాలుగు చోట్ల చదివినట్లే సంతకం చేసి ఉన్నారు.

కావున, సదరు క్లాజు మీద తమ ముద్ర వేయించి, మా మామయ్యకు మామూలు మనిషిలా తిట్లు తింటూ పని చేసుకొనే భాగ్యం కలిగించవలెననీ, ఈ సంగతులు టీ చల్లారకముందే చిత్తగించవలెననీ ప్రార్థన.

ఇట్లు,
తమ తీర్పుకు తమకన్నా ఎక్కువ విధేయుడు,
టైపు గుమాస్తా

తా.క. ఎడంకాలు గారు తానే అడిగానని రాసిచ్చింది అబద్ధం. మంచి మనసుతో ఆడిన అబద్ధానికి తమరు ఆయన్ని రెండు ఆటలకు పక్కన కూర్చోబెడతారేమోనన్న భయంతో ఇది రాస్తున్నాను. తమ తీర్పు ప్రకారం ఎవరు వ్రాసిరన్నది అప్రస్తుతం గనుక, ధైర్యంగా రాస్తున్నాను. ఆ క్లాజు పెట్టింది నేను. మంగళవారం మధ్యాహ్నం, కాంట్రాక్టు చెప్పి రాయించే క్లబ్బు వకీలు గారు భోజనానికి వెళ్ళినప్పుడు. ఆ పూట నా బల్ల మీద రెండు పనులున్నాయి, కాంట్రాక్టు ఒకటి, మామయ్య సేవలు చాలించే కాగితం ఒకటి. రెండో దాంట్లో ఆయన పేరు దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. అది పక్కన పెట్టి ఇది కొట్టాను. మూడేళ్ళ ఉద్యోగంలో నేను చదువుకుంటూ టైపు చేసిన క్లాజు ఇదొక్కటే. నా మీద ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను గాని, తమ రికార్డులో ఎక్కడా 'టైపు పొరపాటు' అని మాత్రం రాయించకండి. మూడుసార్లు సరిచూసుకున్నాను.