నాలుగింటి విమానం ఇటు రాదు

మళ్ళీ మూసేశారు ఆకాశాన్ని, వీధి తలుపు వేసినంత తేలిగ్గా! నేను బాగానే ఉన్నాను. దారిలో రెండు దేశాలు కొట్టుకుంటుంటే, సోమవారం నుంచి మా విమానాలకి సముద్రం మీదుగా చుట్టుదారి గీస్తున్నాను. నాలుగింటి విమానం ఇక మన ఇంటి మీదుగా రాదు. ఈ కార్డు అందేలోపు ఎన్నిసార్లు డాబా ఎక్కి చెయ్యి ఊపావో! ఇక ఎక్కకు, మోకాలు చూసుకో.

నేను గీసిన పాత దారి చూసి మా ఆఫీసు పెద్దాయన, "ఇక్కడీ వంకర ఎందుకయ్యా?" అన్నాడు. మా ఇంటి కోసమని చెప్పగలనా? "గాలివాటం సార్" అన్నాను.

మోటారు బాగయిందా? చిన్నదాని కళ్ళజోడు వచ్చిందా? ఇదివరకు తెర మీద ఆ విమానం చుక్క మన ఇల్లు దాటేదాకా టీ ముట్టేవాణ్ణి కాదు. ఇప్పుడు వేడిగానే తాగుతున్నాను, ఏం బాగాలేదు. మన పిల్లలకి దీవెనలు. దారి తెరవగానే ముందు నీకే రాస్తాను, ఆ రోజు మటుకు మోకాలి సంగతి మర్చిపోయి నువ్వు... ఉండు, పెద్దాయన పిలుస్తున్నాడు, ఆ వంకర గురించే