తాబేలు ఒప్పుకోలేదు

ప్రియమైన అత్తయ్యకు,

మీరూ మామయ్యగారూ కులాసా అని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటి అనుకుంటారేమో. ఫోనైతే మామయ్యగారికి వినపడాలని మీరు స్పీకరు పెడతారు. ఆ తర్వాత మన సంగతులు మీ పక్కింటివాళ్ళకు కూడా తెలుస్తాయి. ఇది పక్కింటికి వెళ్ళకూడని సంగతి.

మీ అబ్బాయి మీద నాకు అనుమానంగా ఉంది. కోడలు అత్తకు రాయాల్సిన మాట కాదని తెలుసు. మా అమ్మకు రాస్తే ఆవిడ మర్నాడే పెట్టె సర్దుకుని దిగుతుంది. మీరైతే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవారు, నా ఉద్యోగం గోల మీకు అర్థమవుతుంది.

మేమిద్దరం ఒకే కంపెనీ కదా. మా వినికిడి యంత్రం త్వరలో అమ్మకానికి వెళ్తోంది. దాని లోపలి ప్రోగ్రాము ఆయన పని. అందులో బయటివాళ్ళ సరుకు ఏమైనా ఉందా, ఉంటే వాళ్ళు పెట్టిన షరతులు పాటిస్తున్నామా అని చూసి సంతకం పెట్టడం నా పని. ఇంటర్నెట్లో ఊరికే దొరికే ప్రోగ్రాములకు అడిగే దిక్కు లేదని మా యజమాని నమ్మకం. నిజానికి ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు ఉంటుంది. కొందరు 'మా పేరు ఉంచండి చాలు' అంటారు. కొందరు గట్టివాళ్ళు: 'మా ప్రోగ్రాము వేసి యంత్రం అమ్మితే, కొన్నవాళ్ళకు సోర్సు, అంటే ప్రోగ్రాము అసలు రాత, కూడా ఇవ్వండి, వాళ్ళూ చూసుకోవాలి, కావాలంటే మార్చుకోవాలి' అంటారు. మా యజమానికి సోర్సు ఇవ్వమంటే ప్రాణం ఇవ్వమన్నట్టే.

రణగొణ ధ్వని తగ్గించి మనిషి మాటను మిగిల్చే భాగం మొత్తం 'సొంతం' అని మీ అబ్బాయి రాసిచ్చారు. మొగుడు కదా అని వదిలేసేదాన్నే. కానీ అందులో ఒక వింత కనిపించింది. మా యంత్రానికి చప్పుడు పెంచి తగ్గించే చక్రం లేదు. ప్రోగ్రాము మాత్రం ఆ లేని చక్రాన్ని ఎవరైనా తిప్పారా అని క్షణక్షణం చూసుకుంటోంది! సొంతంగా రాసినవాళ్ళు లేని చక్రం కోసం ఎందుకు వెతుకుతారు చెప్పండి? "ఇదేంటండీ?" అని అడిగాను. "ఏదో పాత అలవాటులే. నీకన్నీ అనుమానాలే" అన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సాయంత్రమే చక్రం ముక్కంతా తీసేశారు.

ఇంట్లో సంగతి ఇంకోటి. భోజనాల దగ్గర ఫోను బోర్లా పెడుతున్నారు. బట్టలు ఆరేసే వంకతో బాల్కనీలోకి వెళ్ళి ఎవరికో ఈమెయిళ్ళు రాస్తున్నారు. ఆయన బట్టలు ఆరేయడం మీరెప్పుడైనా చూశారా? ఒకసారి భుజం మీదుగా తొంగి చూశాను. అవతలి మనిషి పేరు 'తాబేలు'. "దయచేసి మరోసారి ఆలోచించండి" అని రాస్తున్నారు. ఎవరండీ ఈ తాబేలు? ఆడా, మగా? నాకు ఇన్నేళ్ళలో 'దయచేసి' అని ఒక్కసారైనా రాశారా?

దొంగ సరుకు తెచ్చారని ఏడవాలా, దొంగ స్నేహం చేస్తున్నారని ఏడవాలా తెలియడం లేదు. మీకేమైనా తెలిస్తే రాయండి.

మీ కోడలు

*

అత్తయ్యా,

మీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఆ ప్రోగ్రాము ఇంటర్నెట్లో దొరికింది. గట్టి లైసెన్సుదే. రాసినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మొట్టమొదటి పేరు మీ అబ్బాయిదే! కాలేజీలో ఉండగా మామయ్యగారి చెవి కోసం రాసి, అందరికీ ఇచ్చేశారట. ఆ చక్రం అప్పటి యంత్రానిదట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నిలదీస్తే ఒప్పుకున్నారు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. తర్వాత ఆ ప్రోగ్రాముకు ఇంకొందరు తలో చెయ్యి వేశారు. ఎవరి ముక్క మీద హక్కు వాళ్ళది. అందరూ సరే అంటేనే ఆయన దాన్ని సోర్సు ఇవ్వకుండా మూసిపెట్టి అమ్ముకోగలరు. అందరికీ రాశారట. అందరూ ఒప్పుకున్నారు, తాబేలు తప్ప. బాల్కనీ కథ అదీ.

తాబేలు రాసిన ముక్క చిన్నదే. గిన్నె కింద పడ్డా, తలుపు దభాలున మూసుకున్నా ఆ చప్పుడు చెవిలో పేలకుండా ఆపుతుంది. అది లేకపోతే యంత్రం పెట్టుకున్నవాళ్ళు పీకి అవతల పారేస్తారు. కొత్తగా రాసే వ్యవధి లేదు. "వాడెవడో పోటీ కంపెనీ మనిషి. కావాలనే కాలడ్డం పెడుతున్నాడు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. లేకపోతే, "మీ ఇంట్లో ఈ యంత్రం వాడే పెద్దాయనను అడిగి చూశారా?" అని తాబేలు ఎందుకు రాస్తాడు? మామయ్యగారి సంగతి వాడికెలా తెలుసు? అది చదివినప్పటి నుంచి కిటికీ తెర కూడా తీయడం లేదు నేను.

అయినా మా ప్రోగ్రాములోంచి వాళ్ళ పేర్లన్నీ తీసేసి 'సొంతం' అని రాయడం న్యాయం కాదన్నాను. "ఒక్క సంతకం. నా కోసం పెట్టలేవా? ఇది ఆగితే నా ఉద్యోగం పోతుంది" అన్నారు. అనుమానాలన్నీ తీరాక చివరికి మిగిలింది ఇదీ, అత్తయ్యా. దొంగతనం చేయని మనిషి నా చేత అబద్ధం ఆడించాలని చూస్తున్నారు. శుక్రవారం సంతకం పెట్టాలి. పెట్టను. ఆ తర్వాత ఈ ఇంట్లో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం ఎలా చూసుకుంటామో తెలియదు.

మీ కోడలు

*

అమ్మాయీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. మీ మామయ్యకు చదివి వినిపించలేదు, కాబట్టి పక్కింటివాళ్ళకు తెలియదు.

ఆ కిటికీ తెర తీసెయ్. తాబేలును నేనే.

వాడు చేసిచ్చిన యంత్రం పెట్టుకుని మీ మామయ్య మురిసిపోయేవారు. కానీ వంటింట్లో నా చేతిలోంచి పళ్ళెం జారితే చెవి పట్టుకుని కూలబడేవారు. వాడితో చెప్పాను. "నీకు తెలియదులే అమ్మా, అది అంతే" అన్నాడు. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నాకు తెలియదట! సోర్సు అందరికీ పెట్టాడు కనుక తీసి చూశాను. కూర్చుని బాగుచేశాను. అమ్మ పేరుతో పంపితే తెరిచి కూడా చూడడని తాబేలునయ్యాను. వెంటనే జవాబు వచ్చింది: "అద్భుతం! మీలాంటివారి దగ్గర నేర్చుకోవాలి" అని. పొరుగింటి పుల్లకూర రుచి! బాగా నవ్వుకున్నాను, తర్వాత కాస్త ఏడ్చాను కూడా. ఆ పైన ఎన్నో రాసుకున్నాం. ఫోన్లో నాతో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు, తాబేలుకు పేజీలకు పేజీలు రాసేవాడు. నిజం చెబితే అదీ పోతుందని భయపడి చెప్పలేదు.

మరి ఇప్పుడెందుకు ఒప్పుకోలేదంటావా? ఆ సోర్సు మూసి ఉంటే మీ మామయ్య బాధ ఎవరు తీర్చేవారు? రేపు మీ యంత్రం కొన్న ఇంట్లోనూ ఎవరి చేతిలోంచో ఏదో జారుతుంది. ఆ ఇంట్లో దాన్ని బాగుచేసుకునే మనిషి లేదని మీ యజమాని ఎలా నిర్ణయిస్తాడు? నాకు డబ్బు వద్దు. సోర్సు ఇచ్చి ఎంతకైనా అమ్ముకోండి, అంతే.

సంతకం పెట్టకు. వాడి ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, దొరికేదాకా నేను అన్నం పెడతాను. నీ మాట పోతే తెచ్చిపెట్టడం నా వల్ల కాదు. ఈ ఉత్తరం వాడికి చూపించు.

నీ అత్తయ్య

*

అత్తయ్యా,

చూపించాను. నిలబడే మొదలుపెట్టి, 'తాబేలును నేనే' దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

శుక్రవారం యజమాని గదిలోకి నాకంటే ముందు ఆయనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశారు. లోపలి అరుపులు కారిడార్ దాకా వినిపించాయి. అమ్మకం ఆగింది. సోర్సు ఇస్తారో, ఆ భాగమంతా కొత్తగా రాయిస్తారో ఇంకా తేలలేదు. మా ఉద్యోగాల సంగతీ తేలలేదు. తీసేసిన పేర్లన్నీ మాత్రం ఆయన చేత్తో ఆయనే తిరిగి పెట్టారు. ఇంటికి వస్తూ దారిలో, "నిన్ను అలా అడిగి ఉండకూడదు" అన్నారు. నాకు అది చాలు.

అమ్మకు ఫోన్ చేయండి అంటే, "ఏం మాట్లాడను?" అన్నారు. ఈ పొద్దున బాల్కనీలో కూర్చుని తాబేలుకే ఈమెయిలు రాశారు. ఈసారి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. 'అమ్మా' అని రాసి, చెరిపి, మళ్ళీ 'అమ్మా' అని రాసి, ఆ తర్వాత ఏమీ తోచక అలాగే పంపేశారు. సగంలో తెగిపోయి వచ్చిందనుకోకండి అత్తయ్యా, ఆ ఉత్తరం అంతే.

మీ కోడలు