తిప్పతేజం డబ్బా మీద తమ ముద్ర

లాలాగూడ, సికింద్రాబాద్,
తేది: 12-11-2025.

శ్రీయుత మూలికా ఉత్పత్తుల నాణ్యతాధికారి గారి సముఖమునకు,
ప్రాంతీయ కార్యాలయం, సికింద్రాబాద్.

అయ్యా,

విషయం: క్యాన్సరుకు చికిత్స పొందుచున్న నా భార్య శ్రీమతి సుమిత్ర, తమ కార్యాలయపు ముద్ర చూసి కీమో మానివేసిన సంగతి – 'తిప్పతేజం' అను పొడి క్యాన్సరుకు మందు కాదని ఒక్క వాక్యం రాసి ఇప్పించమని కోరుట – గురించి.

సూచిక: (1) నా అర్జీ, తేది 15-10-2025. (2) దానికి తమరు దయచేసిన, జవాబు అనబడు కాగితం, తేది 31-10-2025.

కాసోజు బ్రహ్మచారి అను నేను, వయసు అరవై మూడు, రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఇనుప సామాను తనిఖీ చేసి రిటైరైనవాడిని, తమకు వ్రాసుకొను రెండవ అర్జీ ఇది. మొదటిది మర్యాదగా రాశాను. దాని ఫలితం చూశాక మర్యాద మీద నాకు నమ్మకం తగ్గినది. అయినప్పటికీ ఈ దిగువ అంశములకు నెంబర్లు వేసి మనవి చేస్తున్నాను. నెంబరు లేనిది ఏదీ తమ ఆఫీసులో కంటికి ఆనదని విన్నాను.

1. నా భార్యకు రొమ్ములో ఉన్న గడ్డ క్యాన్సరేనని జులై నెలలో తేలినది. ఆరు విడతలు కీమో ఎక్కించి, గడ్డను చిన్నది చేసి, ఆపైన ఆపరేషను చేయాలని డాక్టరు ప్రిసిల్లా గారు నిర్ణయించినారు. సెప్టెంబరు మధ్యకు మూడు విడతలు పూర్తయినవి, గడ్డ సగానికి తగ్గినది. అంతలోనే, ఆగస్టు నెలాఖరున, మా ఇంట్లోకి తిప్పతేజం కూడా ప్రవేశించి ఉన్నది. గడ్డ తగ్గిన ఖ్యాతి మొత్తం దానికే పోయినది.

2. అది ప్రవేశించిన విధం: ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో, వనకవచం హెర్బల్స్ యజమాని భానుప్రకాశ్ అనునతడు ఒక ఆదివారం ఉపన్యాసమిచ్చినాడు. వచ్చినవారికి ఉప్మా పెట్టినాడు. ఉప్మా బాగున్నదని ఒప్పుకొనుచున్నాను, ఆ రోజు నేను ఒప్పుకోదగిన సంగతి అదొక్కటే. తిప్పతీగలో పాలీశాకరైడ్లు అనే పెద్ద పెద్ద చక్కెర గొలుసులు ఉంటాయట. అవి ఒంట్లోని రోగనిరోధక కణాలను తట్టి లేపుతాయట. లేచిన కణాలు వెళ్లి క్యాన్సరును పట్టుకుంటాయట. తెర మీద రెండు ఎలుకల బొమ్మలు వేసి, గడ్డ ఉన్న ఎలుక ఏదో లేని ఎలుక ఏదో పుల్లతో చూపించాడు. ఆపైన మైకు పట్టుకొని, "అమ్మా, మీ ఒంట్లనే సైన్యం ఉన్నది. పండుకోని ఉన్నది. కీమో దాన్ని సంపుతది, మా పొడి లేపుతది. ఏది కావాల్నో మీరే చెప్పున్రి" అన్నాడు. హాలులో నూటయాభై మంది చప్పట్లు కొట్టారు. వారిలో నా భార్య ఒకతె. నేను కొట్టలేదు. నేను అంతకంటె తెలివితక్కువ పని చేశాను, అది ఆరవ అంశములో వచ్చును.

3. నాలుగవ విడతకు అక్టోబరు ఆరున రమ్మన్నారు. ఆ పొద్దున ఆటో వచ్చి గేటు ముందు నిలబడినా నా భార్య చీర మార్చుకోలేదు. "నేను రాను" అన్నది. "గడ్డ తగ్గింది గద. ఏంతోని తగ్గిందో నాకు ఎరికే. ఆ సెలైన్ ఎక్కిస్తే నోరంత పుండ్లైతున్నయ్, నీళ్లు సుత మింగలేకపోతున్న. ఈ పొడితోని ఏ తక్లీఫ్ లేదు. గవర్నమెంటోళ్ల ముద్ర సుత ఉన్నది, సూడు" అని డబ్బా తిప్పి చూపించినది.

ముద్ర ఉన్న మాట వాస్తవము. గుండ్రంగా, నీలం రంగులో, తమ కార్యాలయం పేరుతో, 'నాణ్యత పరీక్షితము' అని ఉన్నది. పొడి పేరు కంటె అదే పెద్దది. ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. అక్టోబరు ఇరవై ఏడున ఐదవ విడతకు ఆటోను పిలవనే లేదు.

4. డాక్టరు ప్రిసిల్లా గారిని ఒంటరిగా కలిసి ఈ పొడి సంగతి అడిగినాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "పరిశోధన అబద్ధం కాదు బ్రహ్మచారి గారూ. మొక్కల్లో ఉండే పాలీశాకరైడ్ల మీద చాలా చోట్ల పని జరుగుతోంది. గాజు గిన్నెలో కణాల మీద, ఎలుకల మీద కొంత ఫలితం కనిపించింది. మనుషుల్లో క్యాన్సర్‌ను తగ్గిస్తాయని ఇంకా ఎవరూ తేల్చలేదు. వాళ్లు ల్యాబులో శుద్ధి చేసి వాడేది వేరు, మీ డబ్బాలో ఉన్న పొడి వేరు. ఆ పరిశోధన చేసేవాళ్లు కూడా కీమో మానెయ్యమని చెప్పరు" అన్నారు. మైకు లేకుండా, ఉప్మా పెట్టకుండా, అయిదు నిమిషాల్లో చెప్పేశారు.

గత వారం నా భార్య స్కానింగుకు మాత్రం వచ్చినది. పొడి ఎంత బాగా పనిచేసిందో డాక్టరమ్మకు చూపిద్దామని వచ్చినది. గడ్డ మళ్లీ పెరిగి ఉన్నది. "పదిహేడో తారీఖు సోమవారం ఎలాగైనా తీసుకురండి. ఇంకా జాప్యమైతే ఆపరేషన్ మన చేతిలో ఉండదు" అని డాక్టరు గారు ఇద్దరికీ చెప్పారు. ఇంటికి వచ్చాక నా భార్య, "తగ్గేటందుకు ముందు ఒకపాలి ఉబ్బుతదని భానుప్రకాశ్ సారు ముందే చెప్పిండు" అన్నది. ఆ పెద్దమనిషి అన్నిటికీ ముందే ఏదో ఒకటి చెప్పి ఉంచుతాడు.

5. ఇక తమ కార్యాలయ ప్రతిభ. ఈ పొడి క్యాన్సరుకు పనిచేయునా లేదా తేల్చమని నేను అక్టోబరులో అర్జీ పెట్టినాను. తమ జవాబు ఇది: "సదరు నమూనాను పరీక్షించగా పాలీశాకరైడ్లు 31 శాతం ఉన్నట్లు తేలినది. డబ్బాపై 30 శాతమునకు తగ్గవని కలదు. కావున ఫిర్యాదు మూసివేయడమైనది." అయ్యా, చక్కెర గొలుసులు ఉన్నాయా అని నేను అడగలేదు. ఒక శాతం ఎక్కువే ఉన్నందుకు తమరు మురిసి ఉండవచ్చును, మా ఇంట్లో ఎవరూ మురియలేదు.

రెండు రోజులకు భానుప్రకాశ్, తమరు తనకూ పంపిన ఆ కాగితపు నకలును, నా పేరు కొట్టివేసి, తన వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "ఈర్ష్యతో ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం పరీక్షించింది. మళ్లీ పాస్" అని పైన రాశాడు. నా ఫిర్యాదే వాడికి ప్రకటన అయినది. "ఎవడో పని లేనోడు ఫిర్యాదు చేసిండంట" అని నా భార్య నాకే చదివి వినిపించింది. నేను ఊకొట్టాను.

మర్నాడు తమ ఆఫీసుకు స్వయంగా వచ్చినాను. తమరు మీటింగులో ఉన్నారు. సూపరింటెండెంటు నరసరాజు గారు టీ తాగుతూ విన్నారు. "పౌడర్లో ఉండాల్సింది ఉందండి. లేకపోతే చెప్పండి, ఇవాళే కేసు కడతాం" అన్నారు. ఆ పొడి పనిచేస్తుందో లేదో చెప్పమన్నాను. "ఆ గడి మా ఫారంలో లేదండి బాబూ" అన్నారు. మరి ముద్ర దేనికి వేస్తారని అడిగాను. "ప్రజలకి నమ్మకం కలగాలి కదండీ" అన్నారు. తమ ఆఫీసులో నిజం చెప్పినవారు నాకు ఆయన ఒక్కరే కనిపించారు. ఆయనకు తగిన ప్రమోషను ఇప్పించగలరు.

6. ఈ అంశము రాయడానికి నాలుగు రోజులు పట్టినది. వర్క్‌షాపుకు ఉక్కు వచ్చినప్పుడు దాని వెంట టెస్ట్ సర్టిఫికెట్ వస్తుంది. ఏది ఎంత శాతం ఉన్నదో అందులో ఉంటుంది. కాగితం మీది నెంబరు, కడ్డీ మీది నెంబరు సరిపోతే తీసుకుంటాము. కాని ఆ ఉక్కుతో ఇరుసు చేశాక, ఆ ఇరుసును మళ్లీ విడిగా పరీక్షించనిదే బండి కింద వెయ్యము. ఉక్కు మంచిది కనుక ఇరుసూ మంచిదేనని ఊరుకునే తనిఖీదారును ఏ షాపులోనూ ఉంచుకోరు. అట్లాంటి ఇద్దరి మీద నేనే పైకి రాసి సీటు మార్పించాను.

ఆ ఆదివారం ఫంక్షన్ హాలులో భానుప్రకాశ్ నా చేతిలో ఒక సర్టిఫికెట్ పెట్టాడు. పాలీశాకరైడ్లు ఇంత శాతం, తేమ ఇంత శాతం, బూడిద ఇంత శాతం. నా సర్వీసంతా చూసిన కాగితం లాంటి కాగితం. రెండు నెలలుగా ఆసుపత్రిలో ఏ కాగితం ఇచ్చినా ఒక్క ముక్క అర్థం కాక తల ఊపుతూ తిరిగిన నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కళ్లద్దాలు పెట్టుకొని బ్యాచ్ నెంబరు చూశాను. డబ్బా మీది నెంబరుతో సరిపోయింది. జేబులోంచి పెన్ను తీసి, మూత మీద పొట్టి సంతకం పెట్టి, 'పాస్' అని రాశాను. తరువాత తెచ్చిన డబ్బాలన్నిటికీ అట్లే రాశాను. పాలీశాకరైడ్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఒక ఇరుసుకు చేసినపాటి తనిఖీ నా భార్య విషయంలో చేయలేదు.

నా భార్య పైకి చూపించింది తమ ముద్ర. నమ్మింది నా సంతకం. మా ఇంట్లో గ్యాసు బండ అయినా, మిక్సీ అయినా నేను చూసి సరే అన్నాకనే లోపలికి వస్తుంది. ఇప్పుడు నేను వెళ్లి, తప్పుగా పాస్ చేశాను అని చెప్పవలెను. నోరు రావడం లేదు. రోజూ అన్నం దగ్గర చెబుదామనుకుంటాను, నీళ్లు తాగి లేస్తాను. ఆ మాట నా బదులు తమరు చెబుతారేమోనని తమ మెట్లు ఎక్కినాను. తమరిని ఎంత చులకనగా చూస్తున్నానో ఈ కాగితం చదివినవారికి తెలుస్తుంది. తెలియని దాని మీద తమరూ ముద్ర వేశారు, నేనూ వేశాను. నన్ను నేను ఎట్లా చూసుకుంటున్నానో దీన్నిబట్టి ఊహించుకోవచ్చును. ఆమెకేమన్నా అయితే నేను బతకలేను. ఇది అర్జీలో రాయదగిన వాక్యం కాదని తెలిసే రాస్తున్నాను.

7. కావున ఏలినవారు దయయుంచి, ఈ నెల పదిహేడవ తేదీలోగా, "తిప్పతేజం క్యాన్సరుకు చికిత్స కాదు, దీనిని నమ్మి ఎవరూ కీమో మానరాదు" అని రాసి, సంతకం చేసి, ఆ గుండ్రని నీలం ముద్ర వేసి ఇప్పించవలెను. ఫారంలో గడి లేనిచో ఫారానికి వెనక వైపు కూడా ఉంటుంది. వాక్యం కూర్చుకొను శ్రమ లేకుండా నేనే కూర్చి పెట్టినాను.

ఇందులో తమ చిత్తానికి గిట్టనివి చాలా ఉన్నవి, వాటితో సహా చిత్తగించవలెను.

ఇట్లు,
ఈ నెల పదిహేడు వరకు మాత్రమే తమ విధేయుడు,
కాసోజు బ్రహ్మచారి

తా.క.: సారూ, నేను సుమిత్రను. మా ఆయన రాత ఎవరికీ సమజ్ కాదని, పెండ్లైనకాడి నుంచి ఆయన అర్జీలన్ని నేనే సాఫు రాస్తున్న. మొన్న అక్టోబర్ల పెట్టిన అర్జీ మాత్రం నాకియ్యలే. ఎందుకియ్యలేదో ఇప్పుడు తెలిసింది, ఆ పని లేనోడు ఎవడో సుత తెలిసింది. ఇయ్యాల పొద్దుగాల నాలుగు కాగితాలు నా ముంగట పెట్టి, "జెర సాఫు రాయి" అని బయటికి పోయిండు.

ఆరో నెంబర్ రాసినంక శానసేపు ఏడ్సిన. కిటికీలకెళ్లి సూస్తే గేటుకాడ నిలబడి, తుడిసిన సైకిల్‌నే మళ్ల తుడుస్తున్నడు. పిలిస్తే లోపటికి రాలే. ముప్పై ఆరేండ్ల సంసారంల తప్పైంది అన్న మాట ఆయన నోట నేను ఇనలే. ఇయ్యాల సుత ఇనలే, రాసిన.

సోమారం నేను దవాఖానకు పోతున్న, మీరు కాగితమిచ్చినా ఇయ్యకున్నా. నోట్ల పుండ్లైతే కానీ. నేనే గేటుకాడికి పోయి ఈ మాట చెప్తే, ఇగ ఈ అర్జీతోని పని లేదు, చింపేయ్ అన్నడు. నేను చింప. స్పీడ్ పోస్టుల పంపుతున్న. జవాబు రాయకున్రి, మీ జవాబులు సూసినం. ఈ అర్జీని మాత్రం ఫైల్ల పెట్టి, బీరువాల భద్రంగ దాచున్రి. ఆయన తప్పు ఒప్పుకున్న కాగితం ఇదొక్కటే ఉన్నది. ఇంట్ల పెడితే ఆయనే మాయం చేస్తడు.