అందరికీ చూపించమన్న ఫైలు

శుక్రవారం రాత్రి, అమలాపురం

మందుల పరీక్షల ఫలితాలు బయటపెట్టనక్కర్లేదని నిబంధన ఎందుకు మార్చారో, ఎవరు అడిగితే మార్చారో జనానికి చెప్పాలని నిన్న శాసనసభలో అడిగాను. మంత్రిగారు నవ్వి, "మీరు ఛాంబర్‌కి రండి, ఫైలు చూపిస్తాను" అన్నారు. "నాకొక్కడికే కాదండి, అందరికీ చూపించండి" అన్నాను. ఆయన తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

ఇవాళ రాజోలు నుంచి సుగుణ టీచరుగారు వచ్చారు. దగ్గుమందు తాగిన మూడోరోజున ఆవిడ కూతురు పోయింది. ఆ సీసాలో ఏముందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

"టీవీలో చూసేనండి. మా పాప కోసం మీరైనా అడిగేరు" అంటూ చేతులు జోడించబోయారు.

నేను ఆపేశాను. "వద్దమ్మా. ఆ మార్పు సభకి వచ్చినరోజు నేనూ అవునన్నాను. కాగితం చదవకుండానే."

ఆవిడ చేతులు దించేసి, సంచీ తీసుకుని లేచారు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఈ మాట కూడా అక్కడ చెప్తారాండీ?"

"ఆయ్, చెప్తానండి."

సోమవారం మళ్ళీ సభ. మా పార్టీవాళ్ళు నన్ను మాట్లాడనిస్తారో లేదో తెలియదు. అంతకంటే, నా వంతు వచ్చినప్పుడు ఆ మాట నా నోటివెంట వస్తుందో రాదో అని భయంగా ఉంది...