నీలం తలుపు: పాతదీ, కొత్తదీ

అమ్మడూ,

నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవిస్తూ నాన్న రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, మీ అమ్మ మోకాలూ ముగ్గురం క్షేమం. మోకాలికి మాత్రం మెట్లంటే గిట్టడం లేదు. నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ కిటికీల్లేని స్టూడియోలోంచి రోజుకొక్కసారైనా బయటికొచ్చి ఎండ మొహం చూస్తున్నావనీ తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇవాళ శుక్రవారం. ఇన్నాళ్ళెందుకంటే, మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చించేశాను. మీ అమ్మ చెత్తబుట్టలోకి తొంగిచూసి, "ఉత్తరం రాస్తున్నారా, మేకకి మేత వేస్తున్నారా?" అంది. ఈసారి చించను. తప్పులుంటే ఉన్నట్టే చదువుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కింద కొట్టు అద్దెకిచ్చేశాం. నేను ఆంప్లిఫయర్లు విప్పిన బల్ల మీద ఇప్పుడొక టైలరు ప్యాంట్లు కత్తిరిస్తున్నాడు. మనిషి మంచివాడే గానీ కుట్టుమిషన్ తొక్కుతూ పాడతాడు. శ్రుతీ లేదు, సిగ్గూ లేదు. నా సామాను పైకి తెచ్చి ముందుగదిలో సర్దుకున్నాను. రిపేరుకి ఇప్పటికీ ఒకరిద్దరు వస్తూనే ఉన్నారు.

నువ్వు పంపిన కేటిల్ ఎలా ఉందని అడిగావు. అది నాలుగు నెలల కిందటే ఈల వెయ్యడం మానేసింది. పొయ్యి మీద పెట్టి ఈ గదిలో పనిచేసుకుంటుంటే, నీళ్ళన్నీ మరిగి ఇగిరిపోయి అడుగు మాడిపోయింది. కొత్తది కొన్నాను. అదీ మూగదే! పట్టుకెళ్ళి కొట్టువాడి మీద లేచాను. అతను పాపం నా ఎదుటే నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి, కాసేపయ్యాక "వినండి సార్" అన్నాడు. కొట్టులో ఉన్న నలుగురూ నా మొహంలోకే చూస్తున్నారు. ఒకావిడైతే ఒక చెవి మూసుకుంది కూడా. నేను "సరేలే, ఇప్పుడు బాగానే ఉంది" అని చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఈ కేటిల్‌ని గుర్తుంచుకో, దీనితో పనుంది.

"ఫోన్ చేస్తే రెండు మాటలైనా కాకుండా అమ్మకిచ్చేస్తావేం, నామీద కోపమా?" అనడిగావు. దానికి కాస్త ఆగి చెబుతాను.

ఇక నీలం తలుపు. మనింట్లో ఆ రాక్ ఆల్బమ్‌ని అసలు పేరుతో ఎవరం పిలవలేదు కదా. అట్ట మీద నీలం తలుపు బొమ్మ ఉంది గనుక నీలం తలుపే. ఆల్బమ్ వచ్చిన ఏడాదే అచ్చయిన మొదటి ప్రెస్సింగ్ అది, నా మొదటి జీతంతో కొన్నాను. నీ నాలుగో ఏట నా ఒళ్ళో కూర్చుని వినడం నేర్చుకున్నది దాని మీదే. "ఎడమపక్క ఎవరున్నారు?" అంటే "గిటారు మామ" అనేదానివి. "కుడిపక్క?" "పళ్ళాల మామ!" డ్రమ్ముల పక్కన మోగే ఆ ఇత్తడి సింబల్స్ నీకు అన్నం పళ్ళాల్లా కనిపించేవి. ఆ పిల్లే పెరిగి పెద్దదై, ఆ బ్యాండువాళ్ళ అసలు టేపులు చేతికి తీసుకుని, శబ్దాన్ని మళ్ళీ కడిగి తుడిచి రీమాస్టర్ చేసి, నీలం తలుపుని కొత్త రికార్డుగా తెచ్చింది. మా ఇంటికొచ్చిన మొదటి కాపీ మీద నీ సంతకం ఉంది.

నేనేం చేశాను? పత్రికలో పందొమ్మిదేళ్ళుగా నెలనెలా రాస్తున్న శీర్షిక ఉంది కదా, పాత ప్రెస్సింగుని కొత్త రీమాస్టర్ పక్కన పెట్టి తూకం వేసేది. సంపాదకుడు నాకు 'పాముచెవులు' అని పేరు పెట్టినప్పటినుంచీ ఆ పేరుతో కొమ్ములొచ్చినట్టు తిరుగుతున్నాను. కూతురు చేసింది కదా అని మెత్తగా రాస్తే జనం ఏమనుకుంటారు? ఇంకాస్త గట్టిగా రాశాను. "కిటికీలన్నీ మూసేసిన గదిలా ఉంది. సింబల్స్ మీద దుప్పటి కప్పేశారు. పాతది కొనలేనివాళ్ళు మాత్రమే కొనాల్సిన రికార్డు" అని. రాసి, నా నిష్పక్షపాతానికి నేనే మురిసిపోయాను.

నీ ఉత్తరంలో ఒక మాట నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "నువ్వు చెప్పింది తప్పవదు నాన్నా. సింబల్స్ ఎక్కడ చచ్చిపోయాయో నిమిషం, సెకనుతో సహా చెప్పు. నాకు వినపడటం లేదు. నాకే వినపడలేదంటే ఈ పనికి నేను పనికిరాను. వాళ్ళ మిగతా మూడు ఆల్బమ్‌ల టేపులూ నెలాఖరుకి వెనక్కిచ్చేస్తానని చెప్పేస్తాను" అన్నావు. తిట్టావా? లేదు. ఎదురు చెప్పావా? అదీ లేదు. నీ చెవుల్నే అనుమానించుకున్నావు. తిట్టినా బాగుండేది తల్లీ.

సోమవారం మధ్యాహ్నం ఆ ఉత్తరం మీ అమ్మ చదివింది. చేతులు తుడుచుకుని వచ్చి, "కుర్చీలో కూర్చోండి. కళ్ళు మూసుకోండి. రెండు రికార్డులూ నేను వేస్తాను" అంది.

"నువ్వా? ముల్లు విరుగుతుంది!"

"మీ ముల్లు నేను విరవను గానీ, కూర్చోండి."

ముప్పయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ నా ప్లేయర్ మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. ఇన్నాళ్ళూ నేనే పడనివ్వలేదు. ప్లేయర్ కుర్చీ వెనక ఉంటుంది, నీకు తెలుసు. "ఇది మీ పాతది" అని ఒకటి వేసింది. నేను ఊరుకుంటానా? "చూశావా ఆ సింబల్స్, చినుకులు రాలినట్టు! చూశావా ఆ గది ఎంత విశాలంగా ఉందో!" అంటూ మొదలుపెట్టాను. పాట మొత్తం అయ్యేదాకా పాఠం చెప్పాను. "ఇది పిల్లది" అని రెండోది వేసింది. "ఇదిగో, దుప్పటి! చెప్పానా?" అన్నాను.

"లేచి చూడండి" అంది.

తిరుగుతున్నది పాతది. లేబులు మీద నా మొదటి జీతం నాటి సిరా సంతకం కూడా తిరుగుతోంది. అంటే నేను ఆకాశానికెత్తింది నీది, దుప్పటి అని తిట్టింది నాది. పైగా పాతది చిటపటలాడుతూనే ఉందట. మీ అమ్మకి కుర్చీ వెనక నుంచే వినపడిందట. నాకు ఒక్క చిటుకు కూడా వినపడలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట. పిల్ల దుప్పటి కప్పలేదండీ, మీ చెవులే కప్పుకున్నాయి" అంది మీ అమ్మ. గట్టిగా అనలేదు. మెల్లగా, నా పక్కన నిలబడి అంది.

అప్పుడు అర్థమైంది. పాతది అనగానే నేను చెవులతో వినడం లేదు అమ్మడూ. నలభై ఏళ్ళుగా కంఠతా వచ్చిన రికార్డు, ఏ సింబల్ ఎక్కడ మోగుతుందో మనసే మోగించేస్తోంది. కొత్తది అనగానే పాపం దానికి నా జ్ఞాపకం తోడు లేదు, ఉన్న చెవులతోనే నెట్టుకురావాలి. నువ్వు నిమిషం, సెకను చెప్పమన్నావు. చెప్పలేను. అక్కడ తప్పు లేదు.

ఇంతవరకూ రాసి, ఇక్కడితో ఆపేస్తే నేను పెద్దవాడినైపోయిన పాపానికి నువ్వు క్షమించేస్తావు. కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది. దీని దగ్గరే మూడు కాగితాలూ చించాను.

నాకు ఇది సోమవారం తెలిసిన సంగతి కాదు. రెండేళ్ళ కిందట మీ అమ్మ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఒక్కడినే చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో మీట పెట్టి, "కూత వినపడినప్పుడల్లా నొక్కండి" అంది. కొన్ని నొక్కాను. తరవాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందనుకుని అద్దంలోంచి ఆవిడ వైపు చూశాను. ఆవిడ మీటలు తిప్పుతూనే ఉంది. నాకేసి జాలిగా చూసింది. బయటికొచ్చాక ఒక కాగితం ఇచ్చింది. దాని మీద గీత సగం దాకా సరిగ్గా నడిచి, అక్కణ్ణించి మెట్ల మీంచి పడ్డట్టు పడిపోయింది. "సన్నటి శబ్దాలన్నీ పోయాయండీ. మాటల్లో కూడా కొన్ని అక్షరాలు జారిపోతుంటాయి. వినికిడి మిషన్ పెట్టుకోండి" అంది. నేను నవ్వి, ఆలోచిస్తానన్నాను.

ఆ కాగితం మడిచి, నేను తప్ప ఎవరూ ముట్టుకోని చోట దాచాను. నీలం తలుపు పాత అట్టలో. అమ్మడూ, నీ రికార్డు వచ్చిన రోజున, పోల్చి చూద్దామని ఆ అట్టలోంచి పాతది తీస్తుంటే, కాగితం నా వేళ్ళకి తగిలింది. దాన్ని పక్కకి జరిపి, రికార్డు బయటికి తీసి, నీ మీద తీర్పు రాశాను. తెలియక కాదు. తెలిసి. పాముచెవులు అన్న పేరు నాకు నీకన్నా ముద్దయిపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ.

ఫోన్ సంగతి కూడా ఇదే. కోపం కాదు. నీ మాటల్లో సగం నాదాకా రావడం లేదు. ఓసారి నువ్వేదో అంటే నవ్వాను. మీ అమ్మ నా మొహం చూసి ఫోన్ లాక్కుంది. నీ స్నేహితురాలికి ఆపరేషన్ అని చెప్పావట! అప్పట్నించీ తప్పు జవాబు చెబుతానేమోనని భయమేసి, పలకరించి ఇచ్చేస్తున్నాను. అలిగానని నువ్వు అనుకుంటావని నా బుర్రకి తట్టలేదు.

మంగళవారం సంపాదకుడికి రాసి పంపాను. "పోయిన నెల నేను రాసింది రికార్డు గురించి కాదు, నా చెవుల గురించి. రెండేళ్ళుగా నేనిచ్చిన తీర్పులేవీ నమ్మకండి. ఆ రికార్డులు చేసినవాళ్ళందరికీ క్షమాపణ" అని. నిన్న ఫోన్ చేశాడు. మీ అమ్మ అందుకుని, అటు మాట ఇటు చెబుతూ కూర్చుంది. మొదట కేకలేశాడట. చివరికి, "ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానని చెప్పండమ్మా" అన్నాడట. పందొమ్మిదేళ్ళ శీర్షిక అలా ముగిసింది. బాధగా ఉంది, లేదని చెప్పను. వచ్చే గురువారం మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి, ఈసారి ఇద్దరం వెళుతున్నాం.

ఇక్కడిదాకా రాసి, కవర్లు కొనుక్కొద్దామని కిందికి వెళ్ళాను. వచ్చేసరికి మీ అమ్మ ఈ ఉత్తరం చేతిలో పట్టుకుని కూర్చుంది. కాగితం సంగతి ఆవిడకీ చెప్పలేదు కదా, గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఆ కాగితం నేను పోయినేడే చూశాను" అంది.

"ఎలా? నా అట్టలు నువ్వు ముట్టుకోవుగా!"

"మీరు ముట్టుకోవద్దన్నది రికార్డుల్ని. దుమ్ముని కాదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే 'నాకేం, దివ్యంగా వినపడుతోంది' అనేవారు. మీ చేత ఆ అబద్ధం ఆడించడం ఇష్టం లేకపోయింది. మీరే చెబుతారని చూశాను. చూసీ చూసీ, కేటిల్ మాడేదాకా చూశాను. పిల్ల చెవుల దాకా వచ్చాక ఇంక ఊరుకోలేకపోయాను."

కొనుక్కొచ్చిన కవర్లు బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

ఆవిడే లేచి నీ రికార్డు రెండో పక్క వేసింది. బుధవారం నుంచీ రోజూ వేస్తోంది, నీకీ సంగతి చెప్పనేలేదు. ఆఖరి పాట ఆఖర్న పియానో మోత సన్నబడి సన్నబడి ఆరిపోతుంది కదా. బుధవారం నాడు అది వింటూ, "ఆ చివర్న ఎవరో హమ్మయ్య అని ఊపిరి వదిలారే, ఎవరు?" అనడిగింది. అక్కడేమీ లేదు, పాట అయిపోయింది, ఆ పాట గురించి నేను మూడుసార్లు రాశానని దబాయించాను. మళ్ళీ వేసి విని, ఉందంది. పాతది వేసి చూసి, ఇందులో గరగర తప్ప ఏమీ లేదంది. సంగీతం ఊసెత్తితే ఆవలించే మనిషి, పాత ప్రెస్సింగులో లేనిది, నీ రీమాస్టర్‌లో ఉన్నది, పట్టేసుకుంది. టేపు మీద ఎక్కడో అడుగున ఆ ఊపిరి నీకు వినపడింది. దుమ్మని తుడిచెయ్యకుండా, మనిషిదని ఉంచేశావు. నీ చెవుల మీద నీకు అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని తలుచుకో. నా మాట వద్దు, నాది చెల్లని మాట. మీ అమ్మ మాట నమ్ము.

ఇవాళ ఆ పాట వస్తుంటే ఆవిడ కుర్చీ నా పక్కకి లాక్కుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. పియానో తగ్గింది, తగ్గింది, నాకు ఆగిపోయింది. ఇంకా ఏమీ లేని చోట కూర్చుని ఉన్నాను. అప్పుడు మీ అమ్మ వేలితో నా చేతి మీద ఒక్కసారి తట్టింది.

"ఇప్పుడు" అంది.

నలభై ఏళ్ళుగా వింటున్న పాట నాకు ఇవాళ పూర్తయింది అమ్మడూ. ఆ మూడు టేపులూ వెనక్కివ్వకు. ఆవిడకి వేలుంది, నాకు చెయ్యుంది, మేమిద్దరం కలిసి వింటాం.

ఇట్లు,
పాముచెవుల బిరుదు మీ అమ్మకి అప్పగించిన
నాన్న